విజయనగరంలో పాత ఆంధ్రా బ్యాంకు శాఖ ఏ ఏడు తెరిచారో తేల్చడం ఎలా?

కోటగుమ్మం:

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభానికీ మూడు లాంతర్లకీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక బ్యాంకు శాఖ మీద నలభై పేజీల పుస్తకం వేయాలని ఖాతాదారులం కొందరం అనుకున్నాం. బోర్డు మీద ఇప్పుడు యూనియన్ బ్యాంకు అని ఉంది గాని, ఊళ్లో పెద్దవాళ్లకి అది నేటికీ ఆంధ్రా బ్యాంకే.

చిక్కు ఏమిటంటే, ఏ ఏడు తెరిచారంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. స్వాతంత్ర్యానికి ముందే ఉందంటారు కొందరు, ఆంధ్ర రాష్ట్రం వచ్చాక అంటారు ఇంకొందరు. ఇప్పుడున్న మేడలోకి వచ్చిన ఏడే మొదటి ఏడని వాదించేవాళ్లూ ఉన్నారు. పాత లెడ్జర్లు శాఖలో లేవు.

చేతిలో ఉన్నవి మూడే కాగితాలు. ఒక సేవింగ్స్ పాసుబుక్కు: లెక్కలు రూపాయలు-అణాలు-పైలలో, ముద్రలో 'విజయనగరం, విశాఖపట్నం జిల్లా'. ఇంకొక పాసుబుక్కులో 'న.పై.' (నయా పైసలు) అని గడి ఉంది. మూడోది ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, తేదీ ఉన్న మూల చిరిగిపోయింది, బ్యాంకు పేరు చివర 'లిమిటెడ్' ఉంది, పిన్‌కోడు ఉంది.

తెరిచిన తేదీకి గట్టి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? మొదట ఏ ఇంట్లో నడిచిందో ఎలా తెలుస్తుంది? ఈ కాగితాలను ప్రదర్శనలో ఎలా పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతచిట్టా:

ముందుగా ఒక మాట. మీ ఊళ్లో అందరూ ఒకే ప్రశ్నకి వేర్వేరు జవాబులు చెప్పడం లేదు. నాలుగు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు చెబుతున్నారు. బ్యాంకు పుట్టిన తేదీ ఒకటి, మీ శాఖ తెరిచిన తేదీ ఇంకొకటి, ఇప్పటి భవనంలోకి మారిన తేదీ మరొకటి, పేరు మారిన తేదీలు వేరే. ఒక్కోటి ఒక్కో కాగితంలో ఉంటుంది. పుస్తకంలో కూడా వీటిని విడివిడిగానే రాయండి.

బ్యాంకు సంగతి తేలిక. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో స్థాపించారు. 1923 నవంబరు 20న రిజిస్టరైంది, 28న పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు, అధీకృత మూలధనం పది లక్షలు. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఇందులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వపరమైంది. 1969లో జాతీయం చేసిన పద్నాలుగింటిలో ఇది లేదు, రెండో విడత ఆరింటిలోది. చాలా వ్యాసాల్లో 1969 అని తప్పు రాసేస్తున్నారు, మీరు రాయకండి. 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది.

అందులో 1964 విషయం మీకు ముఖ్యం. భారత లక్ష్మీ బ్యాంకు కూడా మచిలీపట్నం బ్యాంకే. ఏ ఊళ్లోనైనా ఆ పేరుతో పాసుబుక్కు దొరికితే, ఇప్పటి శాఖ అసలు ఆ బ్యాంకుదై ఉండి 1964లో పేరు మార్చుకుందేమో చూడాలి. లేదా ఇద్దరికీ చెరొక శాఖ ఉండి, రెండూ ఒకటై ఉండొచ్చు. రెండో సందర్భంలో 'తెరిచిన తేదీలు' రెండుంటాయి. ఏది మీ శాఖదో ఖాతా నంబర్ల వరస చూస్తే తెలుస్తుంది, కింద చెబుతాను.

లెడ్జర్లు లేకపోవడం ఎవరి అశ్రద్ధా కాదు. బ్యాంకు రికార్డులు ఎన్నాళ్లు దాచాలో 1985 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. కొన్ని రిజిస్టర్లు 5 ఏళ్లు, వ్యక్తుల ఖాతాల లెడ్జర్ల వంటివి 8 ఏళ్లు. ఆ గడువు దాటాక తీసేయడం మామూలే. కాబట్టి శాఖలో లెడ్జరు కోసం వెతకడం మానేసి, జనం ఇళ్లలోని పాసుబుక్కులు వెతకండి. బ్యాంకు పారేసిన సగం చరిత్ర ఖాతాదారుల ట్రంకుపెట్టెల్లో ఉంటుంది.

ఇక కాగితం వయసు. కిందివి అందరూ ఒప్పుకునే తేదీలు.

రూపాయి-అణా-పై లెక్క 1957 ఏప్రిల్ 1తో మారింది. ఆ రోజు నుంచి నయా పైసలు. 'నయా' అన్న మాట 1964 జూన్ 1న తీసేశారు. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, అప్పటిదాకా పట్నం విశాఖపట్నం జిల్లాలోదే. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు కాగితాల్లో 1950 నుంచి 1979 దాకా 'శ్రీకాకుళం జిల్లా' అని ఉంటుంది, కంగారు పడకండి. 'లిమిటెడ్' అన్నది 1980 ఏప్రిల్‌లో పోయింది.

వీటిని వాడేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కొత్త మాట కనిపిస్తే అది గట్టి సాక్ష్యం: పిన్‌కోడు అచ్చయిన రసీదు 1972కి ముందుది కాలేదు. పాత మాట కనిపిస్తే మాత్రం అది బలహీన సాక్ష్యం. రబ్బరు ముద్ర అరిగేదాకా వాడేవారు, అచ్చయిన ఫారాలు అయిపోయేదాకా వాడేవారు. 'విశాఖపట్నం జిల్లా' అన్న ముద్ర 1981 కాగితం మీద పడినా ఆశ్చర్యం లేదు. మీ ఫిక్స్‌డ్ రసీదు అచ్చయింది 1972 తర్వాత అని గట్టిగా చెప్పొచ్చు. 'లిమిటెడ్' ఉంది కాబట్టి 1980కి ముందుదై ఉండాలి అన్నది మాత్రం బహుశా అనే రాయాలి.

అచ్చు ఫారాల కింది అంచు భూతద్దంతో చూడండి. ప్రెస్సు పేరు, ఎన్ని కాపీలు, ఏ నెల ఏ ఏడు అని చీమతల అక్షరాల్లో ఉంటుంది చాలాసార్లు. చిరిగిన తేదీకి అదే దిక్కు.

ఇప్పుడు అసలు పద్ధతి. ఎన్ని పాసుబుక్కులు దొరికితే అన్నింటి నుంచీ రెండే విషయాలు రాసుకోండి: ఖాతా నంబరు, ఖాతా తెరిచిన తేదీ. సేవింగ్స్ ఖాతాలకి నంబర్లు తెరిచిన వరసలో ఇస్తూ పోయేవారు. ఉదాహరణకి 260వ ఖాతా 1951 మార్చిలో, 410వది 1952 సెప్టెంబరులో తెరిచారనుకోండి. పద్దెనిమిది నెలల్లో 150 ఖాతాలు, అంటే నెలకి ఎనిమిది పైచిలుకు. వెనక్కి లెక్కేస్తే 260 ఖాతాలకి 31 నెలలు, 1948 ఆగస్టు దగ్గర ఆగుతుంది. అయితే తెరిచిన కొత్తలో ఏజెంటు, అంటే అప్పటి శాఖ పెద్ద, ఊరంతా తిరిగి ఖాతాలు చేర్పిస్తాడు, మొదటి నెలల్లోనే ఎక్కువ చేరతాయి. కాబట్టి అసలు తేదీ ఆ లెక్కకన్నా ఇటువైపే, అంటే కాస్త ఆలస్యంగానే ఉంటుంది. లెక్క మీకు 'ఇంతకన్నా ముందు కాదు' అన్న హద్దు ఇస్తుంది, తేదీ ఇవ్వదు. మూడు నాలుగు పుస్తకాలతో ఆగకండి, పదిహేను దాటితే లెక్క నమ్మదగ్గదిగా వస్తుంది. నడుమ నంబర్లు ఒక్కసారిగా 1కి పడిపోతే కొత్త వరస మొదలైందన్నమాట. అది 1964 ప్రాంతంలో అయితే పైన చెప్పిన విలీనం గుర్తు పెట్టుకోండి.

సీతంపేటదారి:

అంత లెక్క దేనికండీ? ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు చూడండి. కోడు చిన్నదైతే పాత శాఖ, పెద్దదైతే కొత్తది.

పాతచిట్టా:

లేదండీ, అది పనికిరాదు. శాఖల కోడులు శాఖలు తెరిచిన ఎన్నో ఏళ్లకి, ఒక్కసారిగా పట్టిక వేసి ఇచ్చినవి. ఆ వరస వయసు వరస కానక్కర్లేదు. ఐ.ఎఫ్.ఎస్.సి. ఇంకా ఈమధ్యది, ఈ శతాబ్దపు సంగతి.

కాకపోతే ఆ కోడు ఇంకో పనికి వస్తుంది. పదకొండు అక్షరాల్లో మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, తర్వాతి ఆరు శాఖవి. 2020 విలీనం తర్వాత పాత ఆంధ్రా బ్యాంకు శాఖలకి ఆ ఆరు అంకెలు 8తో మొదలవుతాయి, పాత కార్పొరేషన్ బ్యాంకు శాఖలకి 9తో. ఆంధ్రా బ్యాంకు నాటి శాఖ కోడు చివర్లో అలాగే ఉంచేశారు. ఒకే వీధిలో రెండు యూనియన్ బ్యాంకు శాఖలుంటే ఏది ఎవరిదో దీంతో ఇట్టే తెలుస్తుంది. పాత చెక్కు ఉంటే దాని కింది అంచున అచ్చయిన ఎం.ఐ.సి.ఆర్. కోడు తొమ్మిది అంకెలు చూడండి: మొదటి మూడు ఊరివి, విజయనగరానికి 535, శ్రీకాకుళానికి 532. నడిమి మూడు బ్యాంకువి, ఆంధ్రా బ్యాంకుకి 011, యూనియన్ బ్యాంకుకి 026. బ్యాంకును గుర్తుపట్టడానికి ఇవి బంగారం, వయసుకి మాత్రం కాదు.

దస్తావేజు:

మొదట ఏ ఇంట్లో నడిచిందన్న దానికి జవాబు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది. బ్యాంకు శాఖలు దాదాపు ఎప్పుడూ అద్దె ఇళ్లలోనే మొదలవుతాయి. ఏడాదికి మించిన కౌలు, అద్దె పత్రం రిజిస్టరు చేయాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను. ఆ పత్రం నకలు ఒకటో పుస్తకంలో (స్థిరాస్తి పత్రాలది) ఎక్కుతుంది. ఒకటో పుస్తకాన్నీ దాని సూచికల్నీ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, 57వ సెక్షను. మూడు, నాలుగు పుస్తకాల్లోవి (వీలునామాలు, ఇతర పత్రాలు) మాత్రం అందరికీ చూపరు. ఆ తేడా కౌంటరులో మీరే చెప్పాల్సి రావచ్చు, సెక్షను నంబరు రాసుకుని వెళ్లండి.

ఆన్‌లైన్ ఈసీ (ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుదానికి చేతిరాత సూచికలే. సూచికలు రెండు. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో. మీకు ఆస్తి తెలియదు కాబట్టి మొదటిది తీయించండి. పేర్లు అక్షరవరసలో, ఏడాదికొకటి ఉంటాయి. 'ఆంధ్రా బ్యాంకు లిమిటెడ్' అని 'ఎ' కింద చూడండి. దొరకకపోతే వెంటనే లేదని రాసుకోకండి. ఆ రోజుల్లో శాఖ పెద్దని ఏజెంటు అనేవారు, పత్రం ఆయన పేరుతో 'బ్యాంకు తరఫున ఏజెంటు' అని రాసి, సూచికలో ఆయన ఇంటిపేరు కింద ఎక్కించిన సందర్భాలు ఉండొచ్చు. ఇంటి యజమాని పేరు పెద్దవాళ్లు ఎవరైనా చెప్పగలిగితే పని సగం తగ్గుతుంది. అద్దెకిచ్చినవాడి పేరుతో కూడా సూచికలో ఉంటుంది.

ఏ ఏళ్లు వెతకాలో ముందు తేల్చుకోండి. పాతచిట్టా గారి ఖాతా నంబర్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఆ హద్దు నుంచి ఇటు నాలుగైదేళ్లు చాలు. ఊరికే ముప్పై ఏళ్లు తీయమంటే ఎవరూ తీయరు, రుసుమూ తడిసి మోపెడవుతుంది.

పత్రం దొరికాక ఇంటి నంబరు చూసి ఆ ఇల్లు ఇదేనని అనేసుకోవద్దు. మున్సిపాలిటీలు ఇంటి నంబర్లు ఎన్నోసార్లు మార్చేస్తాయి. హద్దులు చదవండి: తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట రాజవీధి, ఉత్తరాన సందు, దక్షిణాన కోమటి కొట్టు అని నాలుగు దిక్కులూ ఉంటాయి. వీధులు, గుళ్లు, చెరువులు మారవు. అయ్యకోనేరు గట్టో గంటస్తంభమో హద్దుల్లో తగిలితే చోటు దాదాపు తేలినట్టే. తర్వాత పక్క ఇళ్ల దస్తావేజుల హద్దులు చూడండి. వాటిలో 'పడమట బ్యాంకు ఉన్న ఇల్లు' అని ఉంటే అంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

ఒకటే ఇబ్బంది. పదకొండు నెలల అద్దె పత్రాలు రిజిస్టరు కావు. అలా నడిచిన ఏళ్లకి సూచికలో ఏమీ ఉండదు. అప్పుడు మున్సిపల్ ఆస్తిపన్ను డిమాండు రిజిస్టరే శరణ్యం. అందులో యజమాని పేరు పక్కన అనుభవదారు గడి ఉంటే, బ్యాంకు పేరు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉందో వరసగా చూసుకోవచ్చు.

కోటగుమ్మం:

చాలా మేలు చేశారు. లెక్క వేశాం. ఇప్పటికి ఆరు పాసుబుక్కులు పోగయ్యాయి. బ్యాంకునే రాతపూర్వకంగా అడిగితే తేదీ ఇస్తారా? సమాచార హక్కు కింద అడగాలా?

అర్జీ:

మామూలు ఉత్తరంతో మొదలుపెట్టండి, రీజినల్ ఆఫీసుకి. తర్వాత సమాచార హక్కు. ప్రభుత్వ బ్యాంకులన్నీ ఆ చట్టం కిందికే వస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్లో పది రూపాయలు కట్టి పెట్టొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కాగితం నకళ్లకి పేజీకి రెండు రూపాయలు. జవాబు తృప్తిగా లేకపోతే ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు.

అర్జీ ఎందుకు చెడుతుందంటే, 'మా శాఖ చరిత్ర తెలియజేయండి' అని రాస్తారు. ఆ చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, లేని వ్యాసాన్ని రాయించదు. 'ఎందుకు', 'ఎలా' అని అడిగితే ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. కాగితం పేరు పెట్టి అడగాలి. ఇలా రాయండి:

'శాఖల మాస్టరు జాబితాలో ఈ శాఖ ప్రారంభ తేదీగా నమోదైన వివరం, ఆ పేజీ ధ్రువీకరించిన నకలు. ఈ శాఖ తెరవడానికి గాని, చోటు మార్చడానికి గాని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 23వ సెక్షను కింద రిజర్వు బ్యాంకు ఇచ్చిన లైసెన్సు లేక అనుమతి నకలు. శాఖ నడిచిన భవనాల చిరునామాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. 1964 విలీనం తర్వాత విజయనగరంలో శాఖలు కలపడం మీద ఏవైనా ఉత్తర్వులుంటే వాటి నకళ్లు.'

ఇంతే, నాలుగే. శాఖ కోడు, పాతదీ కొత్తదీ రెండూ రాయండి, లేకపోతే విజయనగరంలో ఏ శాఖ అని తిరిగి అడుగుతారు. ఖాతాదారుల పేర్లు, నిల్వలు అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మేనేజర్ల పేర్లు ఎవరు ఎప్పుడు అన్న జాబితాకి వ్యక్తిగత సమాచారం అని అభ్యంతరం చెప్పే వీలుంది. అవి శాఖ గోడ మీది బోర్డు నుంచో, పాత ఫోటోల వెనక రాతల నుంచో తీసుకోవడం నయం.

లైసెన్సు గురించి ఒక హెచ్చరిక. కొత్త శాఖలకి అనుమతి తప్పనిసరి చేసింది 1946 చివర్లో వచ్చిన చట్టం. తర్వాత 1949 బ్యాంకింగ్ చట్టంలోని 23వ సెక్షను దాని స్థానంలోకి వచ్చింది. అంతకు ముందు తెరిచిన శాఖకి ప్రారంభ లైసెన్సు అనేదే ఉండదు. మీకు 1950ల నాటి అనుమతి ఒకటి దొరికితే, అది ప్రారంభానికా చోటు మార్పుకా అని పై నుంచి కింది దాకా చదవండి. చోటు మార్పు కాగితాన్ని పుట్టినరోజు కాగితంగా అచ్చేసి ఉత్సవాలు చేసిన శాఖలు మన దేశంలో తక్కువేమీ లేవని నా నమ్మకం.

రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో శాఖల జాబితా కూడా ఉంది, తెరిచిన తేదీ గడితో. చూడండి గాని, అది ఒక్కటే ఆధారంగా రాయకండి. బ్యాంకులు పంపిన వివరమే అక్కడ ఎక్కుతుంది, కాబట్టి బ్యాంకు జాబితాలో తప్పుంటే అక్కడా అదే తప్పు. రెండు చోట్ల ఒకే తేదీ కనిపించినంత మాత్రాన రెండు సాక్ష్యాలు కావు.

తేదీ దొరికాక పత్రిక చూడండి. ఆంధ్రపత్రిక దినపత్రిక 1914 నుంచి ఉంది, పాత సంచికలు ప్రెస్ అకాడమీ వారు డిజిటల్ చేశారు. అక్షరాలతో వెతకడం కుదరదు, తేదీ పెట్టి పేజీలు తిప్పాల్సిందే. ప్రారంభ తేదీకి ముందు పది రోజులు, తర్వాత వారం చూస్తే చాలు. వార్తలకన్నా ప్రకటనల పేజీలు ముందు చూడండి.

నాగావళి ఒడ్డు:

శ్రీకాకుళం నుంచి ఒక మాట. ఇదే పని మా వైపు చేసేవాళ్లకి రెండు అదనపు మెలికలున్నాయి.

మొదటిది ఊరి పేరు. పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం 'చికాకోల్'. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఇది గంజాం జిల్లాలోది, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి సొంత జిల్లా. పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు 1882 నుంచి ఉంది కాబట్టి అంత పాత పుస్తకాలు కూడా తగులుతాయి. అవి తపాలా శాఖవి, బ్యాంకు శాఖవి కావు. రెండింటినీ కలిపేసి 'మా బ్యాంకు వందేళ్లది' అని రాసినవాళ్లున్నారు. పుస్తకం అట్ట మీద తపాలా ముద్ర గుండ్రంగా, తేదీతో ఉంటుంది, అది చూస్తే చాలు. 2022లో పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకీ, రాజాం విజయనగరం జిల్లాకీ వెళ్లాయి. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే పాత కాగితం దొరకదు.

రెండోది గ్రామీణ బ్యాంకు. శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ప్రధాన కార్యాలయం శ్రీకాకుళంలోనే ఉండేది, స్టేట్ బ్యాంకు దాని ప్రాయోజక బ్యాంకు. 2006 మార్చి 31న నాగార్జున, సంగమేశ్వర, మంజీర, కాకతీయ గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది, ప్రధాన కార్యాలయం వరంగల్‌కి పోయింది. 2025 జనవరి 1న తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకుకి వెళ్లాయి. 2025 మే 1న మిగిలినది చైతన్య గోదావరి, సప్తగిరి, ఆంధ్ర ప్రగతి బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇప్పుడు ప్రాయోజక బ్యాంకు యూనియన్ బ్యాంకు, ప్రధాన కార్యాలయం అమరావతి. శ్రీకాకుళం గల్లీలో పుట్టిన కాగితం ఇన్ని చేతులు మారింది. అర్జీ ఇప్పుడు అమరావతికే పెట్టాలి, కాని అందులో శ్రీ విశాఖ పేరు, 2006 విలీనం తప్పక రాయండి. లేకపోతే ఏ పెట్టె వెతకాలో అక్కడివాళ్లకి తెలియదు.

సహకార బ్యాంకుల సంగతి వేరు. సహకార సంఘాలన్నీ వాటంతట అవే సమాచార హక్కు కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటికి సహకార శాఖ ఆఫీసులోని ఆడిట్ నివేదికలు అడగండి, ఆ ఆఫీసు చట్టం కిందికి వస్తుంది.

కోటగుమ్మం:

ధన్యవాదాలు మాస్టారూ. పాసుబుక్కుల లోపలి పేజీలు పుస్తకంలో వేయాలనుకుంటున్నాం. 12-7-6 లాంటి లెక్కలు ఇప్పటి పిల్లలకి ఎలా చెప్పాలి? స్కానింగ్ ఎలా చేయాలి? ఇచ్చిన కుటుంబాల్లో ఇద్దరు 'ఇందులో డబ్బు ఇప్పుడు వస్తుందా' అని కూడా అడిగారు.

పాతచిట్టా:

12-7-6 అంటే పన్నెండు రూపాయల ఏడణాల ఆరు పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, మన పెద్దవాళ్ల మాటలో దమ్మిడీలు. అణా అంటే ఆరుంపావు పైసలు. ఏడున్నర అణాలు కాబట్టి 46.875 పైసలు, మొత్తం 12 రూపాయల 47 పైసలు. అచ్చులో మాత్రం 12-7-6 అనే ఉంచి పక్కన ఇప్పటి లెక్క రాయండి. దశాంశంలోకి మార్చి మూలం తీసేస్తే కాగితం వయసు చెప్పే గుర్తే పోతుంది.

వడ్డీ వరసలు కూడా వేయండి, అవి శాఖ జీవితాన్ని చూపిస్తాయి. పాత పుస్తకాల్లో జూన్, డిసెంబరు నెలాఖర్లకి వడ్డీ పడుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద లెక్క. అంతకు ముందు ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీదే వడ్డీ. పదో తేదీ దాటి డబ్బు వేస్తే ఆ నెల దానికి వడ్డీ సున్నా. అందుకే పాత పుస్తకాల్లో జమలు ఒకటి నుంచి పది లోపు గుంపుగా ఉంటాయి. మీ ఆరు పుస్తకాల్లోని జమల తేదీలు ఒక పట్టికగా వేయండి, కౌంటరు దగ్గర రద్దీ ఏ రోజుల్లో ఉండేదో పాఠకుడికి కళ్లకి కడుతుంది.

డబ్బు సంగతి: పాసుబుక్కు చివరి గీతలో నిల్వ ఉన్నంత మాత్రాన ఖాతా బతికున్నట్టు కాదు, మూసిన వివరం పుస్తకంలో ఎక్కకపోయి ఉండొచ్చు. పదేళ్లు కదలని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరి డిపాజిటర్ల నిధికి పోతుంది. ఆ పథకం 2014 నుంచి ఉంది. పోయినా హక్కు పోదు, గడువూ లేదు. ముందు రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్లో పేరుతో వెతకండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరంతో ఒకసారి, నాలుగు రకాల స్పెల్లింగులతో. దొరికితే ఇప్పటి బ్యాంకు శాఖలోనే అర్జీ ఇవ్వాలి, నేరుగా రిజర్వు బ్యాంకుకి కాదు. బ్యాంకు చెల్లించి, నిధి నుంచి తను రాబట్టుకుంటుంది. సేవింగ్స్ మొత్తానికి నిధిలో ఉన్న కాలానికి వడ్డీ ఉంది: 2018 జూన్ 30 దాకా 4 శాతం, 2021 మే 10 దాకా 3.5, ఆ తర్వాత 3. ఖాతాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలు, వారసుల గుర్తింపు పత్రాలు సిద్ధం చేసుకోమనండి. నామినీ ఉంటే పని తేలిక గాని, బ్యాంకు ఖాతాలకి నామినేషన్ సదుపాయం 1985లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పుస్తకాల్లో ఉండదు.

కాగితం:

స్కానింగుకి జవాబు నేనిస్తాను. కుట్టుతో ఉన్న పుస్తకాన్ని స్కానరు మీద బోర్లించి నొక్కకండి, వెన్ను విరుగుతుంది. పైనుంచి కెమెరాతో తీయండి, పుస్తకం పూర్తిగా తెరుచుకోకపోతే అట్ట కింద మడత పెట్టిన గుడ్డ పెట్టి ఆనించండి. దీపాలు రెండు పక్కల నుంచి, 45 డిగ్రీల్లో. ఫ్లాష్ వద్దు. విడి కాగితాలు స్కానరులో 300 డీపీఐ చాలు, ముద్రలు, కింది అంచు సన్న అచ్చు ఉన్నవి 600. మాసిపోయిన ముద్ర చదవాలంటే ఒక్క దీపాన్నే కాగితానికి దాదాపు సమంగా, పక్క నుంచి వేయండి. నొక్కుడు గుర్తులు లేస్తాయి.

ఊదా రంగు ముద్రలకీ, కాపీయింగ్ పెన్సిలు రాతలకీ నీటి చుక్క తగిలితే కరిగి పాకుతుంది. తడి గుడ్డతో తుడవద్దు, మెత్తని పొడి కుంచెతో దులపండి. తుప్పు పట్టిన గుండుసూదిని లాగేయకండి, కాగితానికీ సూదికీ మధ్య సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా జరపండి. లామినేషన్ అసలే వద్దు: వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు, లోపల కాగితం పచ్చబడుతూనే ఉంటుంది. సెల్లోటేపు కూడా అంతే, జిగురు ఇంకిపోయి గోధుమ రంగు చార మిగులుతుంది.

ప్రదర్శనలో నకళ్లే పెట్టండి. అసలువి ఫోటో తీసిన రోజే రసీదు రాసి ఇచ్చిన ఇంటికి తిరిగి ఇచ్చేయండి. అచ్చుకి పోయే ప్రతి పేజీలో సంతకం పూర్తిగా మూసేయండి, ఖాతా నంబరులో చివరి ఒక్క అంకె మాత్రం ఉంచండి. నంబరు-తేదీ పట్టికకి పూర్తి నంబర్లు మీ దగ్గర ఉంటే చాలు, పుస్తకంలో అక్కర్లేదు. పాతచిట్టా గారు చెప్పిన నిధి డబ్బు ఇంకా ఎవరిదో ఒకరిది కాబట్టి సంతకం, నంబరు కలిపి బయటపెట్టడం ఆ కుటుంబానికి ప్రమాదం. కుటుంబం నుంచి రాతపూర్వక అనుమతి, ఏ పేజీలు వేస్తున్నారో పేర్కొంటూ, ముందే తీసుకోండి.